కూర్చుని పనిచేసేవారికి వ్యాయామ విధి

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని మన పెద్దలు సోమరులను హెచ్చరించారు. కాని నేటి కాలంలో కూర్చునేవాడు సోమరి కాడు. బ్యాంకు గుమాస్తా, కంప్యూటర్ ముందు పనిచేసే ఇంజనీరు, గల్లాపెట్టె వద్ద కూర్చునే వ్యాపారి, కుట్టుమిషనుపై వంగిన దర్జీ, బస్సు నడిపే డ్రైవరు, వీరందరూ కూర్చుని కష్టపడేవారే. సాయంకాలానికి వీరి మనస్సు అలసిపోతుంది. దేహం మాత్రం పనిలేక బిగుసుకుపోతుంది. ఇల్లు చేరి, "అలసిపోయాను" అని మళ్ళీ కుర్చీలోనే కూలబడుతారు. అప్పుడు దేహం కోరుతున్నది విశ్రాంతి కాదు, కదలిక అని గ్రహించేవారు తక్కువ.

ఒకనాడు ఇంటిపనిలోనే వ్యాయామం ఇమిడి ఉండేది. బావి నుండి నీరు తోడడం, రోటిలో పచ్చడి నూరడం, తిరగలి విసరడం, మజ్జిగ చిలకడం, నేలపై పీట వేసుకుని భోజనానికి కూర్చుని లేవడం, ఇవన్నీ ఎవరూ వ్యాయామమని పేరు పెట్టని వ్యాయామాలు. నేడు ఆ పనులను యంత్రాలు చేస్తున్నవి. దీనిని తప్పుపట్టవలసిన పని లేదు. కాని పోయిన కదలికను మరొక రూపంలో దేహానికి తిరిగి ఇవ్వకపోతే ఆ లోటు రోగరూపంలో బయటపడక తప్పదు. ఎట్లా ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి, ఏది మించరాదు అన్నదే ఈ వ్యాసంలోని విషయం.

శాస్త్రం ఏమి చెప్పినది?

చరకసంహిత చికిత్సాస్థానంలో ప్రమేహ రోగానికి కారణాలను చెబుతూ ఆచార్యుడు మొట్టమొదట పేర్కొన్నది ఆహారాన్ని కాదు. ఎల్లప్పుడూ కూర్చుని ఉండే సుఖం మొదటిది. అతినిద్రా సుఖం రెండవది. పెరుగు, పాలు, కొత్త ధాన్యం, బెల్లపు పదార్థాలు వాటి తరువాతనే వస్తాయి. నేడు చక్కెర వ్యాధి అని మనం పిలిచే మధుమేహం ఈ ప్రమేహాలలో ఒకటి. ఆహారంలో తీపి మానివేసి, కుర్చీని మాత్రం వదలని రోగి సగం పథ్యమే చేస్తున్నాడని దీని వలన తెలుస్తుంది.

అదే గ్రంథంలోని సిద్ధిస్థానం చివరి అధ్యాయంలో, పంచకర్మ చికిత్స పొందినవారు విడువవలసిన ఎనిమిది విషయాలు చెప్పబడినవి. అతిగా నడవడం, అతిగా కూర్చోవడం ఆ జాబితాలో పక్కపక్కనే ఉన్నవి. అతిగా కూర్చోవడం వలన పిరుదులు, పక్కలు, గజ్జలు, నడుము, వీపు నొప్పులు కలుగుతాయని ఆచార్యుడు వివరించాడు. ఈ అవయవాల పేర్లు నేటి ఆఫీసు ఉద్యోగి వైద్యునితో చెప్పుకునే బాధల జాబితాయే.

మరొక విశేషం. చరకసంహిత సూత్రస్థానం 7వ అధ్యాయం మలమూత్రాది వేగాలను ఆపరాదని బోధిస్తుంది. వ్యాయామ లక్షణం చెప్పబడినది కూడా ఆ అధ్యాయంలోనే. ఈ రెండింటినీ ఒకచోట ఎందుకు ఉంచారో ఆలోచించమని గురుకులంలో మా గురువుగారు అడిగేవారు. నా చికిత్సానుభవంలో నాకు తోచిన సమాధానం ఇది: పనిలో మునిగి కుర్చీ వదలనివాడు మూత్రవేగాన్ని కూడా ఆపుకుంటాడు. మాటిమాటికి లేవవలసి వస్తుందని నీరు త్రాగడమే మానుకునే ఉద్యోగినులు నాకు అనేకులు తెలుసు. మలబద్ధకం, మూత్రంలో మంట, నడుము నొప్పి మూడూ కలిసి వచ్చిన చోట ఔషధానికి ముందు ఈ అలవాటును విచారించవలెను.

దేహంలో జరిగేది

హృదయం రక్తాన్ని పాదాల వరకు పంపుతుంది. అక్కడి నుండి రక్తం పైకి రావాలంటే పిక్కల కండలు బిగిసి, సడలి, సిరలను పిండవలెను. సిరలలోని చిన్న కవాటాలు ఆ రక్తాన్ని మళ్ళీ కిందికి జారనీయవు. అందువలననే పిక్కలను రెండవ గుండె అంటారు. గంటల తరబడి కాళ్ళు వ్రేలాడవేసి కూర్చుంటే ఈ రెండవ గుండె పని ఆగిపోతుంది. సాయంత్రానికి చెప్పులు బిగువు కావడం, చీలమండల వద్ద మేజోడు ముద్ర లోతుగా పడడం దాని గుర్తులు కావచ్చు.

భోజనం తరువాత రక్తంలో చేరే చక్కెరను అధికంగా వినియోగించగలిగినవి కండలు. కండ కదిలినప్పుడు ఇన్సులిన్ సహాయం కోసం వేచి ఉండకుండానే కొంత చక్కెరను గ్రహించగలదు. కదలని కండకు ఆ అవకాశం లేదు. తిన్న వెంటనే కుర్చీలో కునుకు తీసేవానికి కఫమూ మేదస్సూ పెరుగుతాయని మనవారు చెప్పిన మాటకు ఇది నేటి వివరణ అనుకోవచ్చు.

కూర్చోవడంలోనూ భేదం ఉన్నది. మంగళగిరిలోనో, పోచంపల్లిలోనో గుంట మగ్గం నేసే నేతకారుని చూడండి. అతడు కూడా రోజంతా కూర్చునే ఉంటాడు. కాని అతని పాదాలు క్రింది కర్రలను మారుస్తూ తొక్కుతూనే ఉంటాయి; చేతులు ఆడుతూనే ఉంటాయి. వంగి నేయడం వలన అతనికి నడుము బాధ తప్పదు గాని, అతని కాళ్ళు నిద్రపోవు. ఆఫీసు కుర్చీలో నిద్రపోయేవి కాళ్ళే.

1953లో జెర్రీ మోరిస్ అనే బ్రిటిష్ వైద్యుడు, ఆయన సహచరులు లండన్ బస్సు ఉద్యోగులను పరిశీలించి ప్రచురించిన ఫలితం ప్రసిద్ధమైనది. రెండంతస్తుల బస్సులలో రోజంతా మెట్లు ఎక్కి దిగే కండక్టర్ల కంటె, కూర్చుని బస్సు నడిపే డ్రైవర్లలో గుండెజబ్బు ఎక్కువగా కనిపించినది. ఇద్దరిదీ ఒకే బస్సు, ఒకే ఊరు. పనిలో తేడా కదలిక.

ఉదయపు నడక చాలునా?

"ప్రతి ఉదయం నడుస్తున్నాను కదా, ఇంకేమి కావాలి?" అని అడిగేవారు చాలామంది. నడుము నొప్పితో నా వద్దకు వచ్చిన ఒక గుమాస్తా అటువంటివాడే. వయస్సు 46. రోజూ 40 నిమిషాలు క్రమం తప్పక నడిచేవాడు. తైలాలు మార్చినా నొప్పి పూర్తిగా తగ్గలేదు. దినచర్య అంతా అడిగితే, ఉదయం 10 గంటలకు కుర్చీలో కూర్చుంటే మధ్యాహ్నం 1.30 వరకు లేవడని తెలిసినది. నీళ్ళ సీసా బల్లమీదనే, ఫైళ్ళు అందించడానికి అటెండరు ఉన్నాడు. నేను అతనికి కొత్త ఔషధం వ్రాయలేదు. పెద్ద సీసా ఇంట ఉంచి, ఒక చిన్న గ్లాసు మాత్రమే ఆఫీసులో పెట్టుకోమన్నాను. దాహం వేసినప్పుడల్లా కుండ వద్దకు నడవవలసినదే. రెండు నెలలలో అతని నొప్పి చాలావరకు శాంతించినది. నడక వ్యర్థమని దీని అర్థం కాదు; నడక చేసిన మేలును మూడున్నర గంటల నిశ్చలత్వం తినివేస్తున్నదని అర్థం.

2016లో లాన్సెట్ అనే వైద్యపత్రికలో, 10 లక్షలమందికి పైగా జనుల వివరాలను క్రోడీకరించిన పరిశీలన వెలువడినది. రోజుకు 8 గంటలకు పైగా కూర్చునేవారికి అకాలమరణ భయం పెరుగుతుందని, రోజుకు 60 నుండి 75 నిమిషాలు వేగంగా నడవడం వంటి శ్రమ చేసేవారిలో ఆ పెరుగుదల కనిపించలేదని అందులో తేలినది. ఇది ఆశ కలిగించే మాటయే. అయితే ఉద్యోగం, ప్రయాణం, సంసారం గల మనిషికి ప్రతిదినం అంత సమయం చిక్కడం కష్టం. మెడ, నడుముల బిగువు ఒక గంట నడకతోనే వదలదు. కనుక తెలివైన మార్గం రెండు భాగాలుగా ఉంటుంది. మొదటిది, కూర్చోవడాన్ని పదేపదే తెంచడం. రెండవది, నిత్యం మితమైన వ్యాయామం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం పెద్దలకు వారానికి 150 నుండి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, వారంలో కనీసం రెండు రోజులు కండలకు బలమిచ్చే వ్యాయామం ఉండవలెను. ఒకేసారి కనీసం 10 నిమిషాలు చేస్తేనే లెక్క అన్న పాత నియమాన్ని అందులో తొలగించారు. అనగా రెండు నిమిషాల కదలిక కూడా వృథా కాదు.

పనివేళలలో చేయవలసినవి

అరగంటకు ఒకసారి, తప్పనప్పుడు గంటకు ఒకసారి, రెండు మూడు నిమిషాలు కుర్చీ విడువవలెను. ఆ సమయంలో ఈ కదలికలలో రెండో మూడో చేయవచ్చును.

1. నిలబడి, బల్లను తేలికగా పట్టుకుని, మడమలు ఎత్తి మునివేళ్ళపై నిలిచి మెల్లగా దింపవలెను. 15 సార్లు. పిక్కలకు ఇది ముఖ్యం.

2. చేతుల ఆసరా లేకుండా కుర్చీ నుండి లేచి, మళ్ళీ నెమ్మదిగా కూర్చోవలెను. 8 నుండి 10 సార్లు. తొడలకు, పిరుదులకు బలం కలుగుతుంది. చక్రాల కుర్చీలో దీనిని చేయరాదు.

3. రెండు అరచేతులు నడుముపై ఆనించి, మోకాళ్ళు వంచక, నొప్పి లేనంతవరకు కొద్దిగా వెనుకకు వాలవలెను. 5 సార్లు.

4. భుజాలను చెవులవైపు ఎత్తి, వెనుకకు త్రిప్పి, దింపవలెను. 10 సార్లు.

5. మెడను కుడికి, ఎడమకు నిదానంగా త్రిప్పవలెను. గుండ్రంగా గిరగిర త్రిప్పుట మంచిది కాదు. తల తిరిగేవారు దీనిని మానవలెను.

6. లేవడానికి వీలులేని సభలో, ప్రయాణంలో పాదాలను పైకి క్రిందికి ఆడించి, చీలమండలను రెండువైపులా త్రిప్పవలెను.

సెల్ ఫోన్ మ్రోగినప్పుడు లేచి నిలబడి మాట్లాడుట, ఒకటి రెండు అంతస్తులకు లిఫ్టు విడుచుట, బస్సు ఒక స్టాపు ముందుగా దిగి నడచుట, ఇవి డబ్బు ఖర్చులేని ఔషధాలు. డ్రైవర్లు బండి ఆపిన ప్రతిసారీ దిగి పది అడుగులు వేయవలెను. ఇంటినుండే పనిచేసేవారికి దారి నడక కూడా ఉండదు గనుక వారు మరింత శ్రద్ధ వహించవలెను.

మధ్యాహ్న భోజనం తరువాత కొద్దిసేపు సుఖంగా కూర్చుని, పిమ్మట నూరడుగులు నడవమని సుశ్రుతుని ఉపదేశం. భోజనానంతరం చేయవలసినది ఈ మెల్లని నడకయే గాని వ్యాయామం కాదు. కడుపు నిండుగా ఉన్నప్పుడు పరుగులు, ఆసనాలు నిషిద్ధం.

అర్ధశక్తి అనగా ఏమి?

వారమంతా కదలక, ఆదివారం ఒక్కనాడు మైదానంలో యువకులతో పోటీపడి పరుగెత్తేవారు కొందరు. కొత్తగా జిమ్‌లో చేరి మొదటి వారంలోనే పెద్ద బరువులు ఎత్తబోయేవారు మరికొందరు. కూర్చుని పనిచేసేవారికి అతిశ్రమ అశ్రమ కంటె తక్కువ ప్రమాదకరం కాదు. నిద్రిస్తున్న గుర్రాన్ని కొరడాతో లేపి పరుగెత్తించడం వంటిది ఇది.

వ్యాయామాన్ని తన బలంలో సగం వరకే చేయవలెనని ఆచార్యుల శాసనం. దానికి గుర్తులు కూడా చెప్పారు. నుదురు, ముక్కు, చంకలు, కీళ్ళ వద్ద చెమట పట్టడం, ముక్కుతో పీల్చే శ్వాస నోటికి రావడం, నోరు ఎండడం మొదలైనప్పుడు ఆపవలెను. మరొక సులభమైన పరీక్ష ఉన్నది. నడుస్తూ పక్కవారితో మాట్లాడగలగాలి, కాని పాట పాడలేనంత వేగం ఉండాలి. మాట కూడా తెగిపోతున్నదంటే అర్ధశక్తి దాటినట్లే. అతివ్యాయామం వలన దాహం, క్షయం, ఆయాసం, దగ్గు, జ్వరం, వాంతి కలుగుతాయని వాగ్భటుడు హెచ్చరించాడు.

ఒకరి అర్ధశక్తి మరొకరిది కాదు. ఈ నెల అర్ధశక్తి వచ్చే నెలకు పెరుగుతుంది. హేమంత, శిశిర, వసంత ఋతువులలో బలవంతులు అర్ధశక్తి వరకు చేయవచ్చును. గ్రీష్మంలో, వర్షాకాలంలో అంతకంటె తక్కువ చాలు. రోహిణి కార్తె ఎండలలో సూర్యోదయానికి ముందే ముగించవలెను.

ఉదయపు విధి

మలమూత్ర విసర్జన తరువాత, ఖాళీ కడుపుతో లేదా స్వల్పంగా నీరు త్రాగి ప్రారంభించవలెను. మొదటి వారం 10 నిమిషాల నడకతో మొదలుపెట్టి, వారానికి 5 నిమిషాలు పెంచుతూ 30 నిమిషాలకు రావలెను. మొదటి 5 నిమిషాలు, చివరి 5 నిమిషాలు వేగం తగ్గించవలెను.

నడక అలవాటైన పిదప తాడాసనం, భుజంగాసనం, శలభాసనం చేర్చుకొనవచ్చును. రోజంతా ముందుకు వంగి ఉండేవారికి వీపును నిలబెట్టే ఆసనాలే మొదట కావలెను. నడుము నుండి కాలిలోకి నొప్పి దిగేవారు పశ్చిమోత్తానాసనం వంటి ముందుకు వంగే ఆసనాలను వైద్యుని అనుమతి లేక చేయరాదు. సూర్యనమస్కారాలు చేయగలవారు మూడింటితో ఆరంభించి, వారానికి ఒకటి చొప్పున పెంచి పన్నెండు వద్ద ఆపవలెను.

వారానికి రెండు రోజులు కండల బలానికి కేటాయించవలెను. బడిలో శిక్షగా తీయించిన గుంజీలు నిజానికి తొడలకు మంచి వ్యాయామం. మోకాళ్ళ నొప్పి గలవారు సగం వరకే వంగవలెను. గోడకు చేతులు ఆనించి తీసే దండీలు స్త్రీలకు, వృద్ధులకు కూడా అనుకూలమైనవి.

అభ్యంగం, ఉపశమనం

నిశ్చలత్వం వలన ప్రకోపించిన వాతానికి నువ్వుల నూనె మేలైనది. రెండు మూడు చెంచాల నూనెను గోరువెచ్చగా చేసి, నడుము, పిక్కలు, అరికాళ్ళకు మృదువుగా మర్దించి, అరగంట తరువాత సున్నిపిండితో వేడినీటి స్నానం చేయవలెను. నిత్యం వీలుకానివారు వారానికి రెండుసార్లైనా చేయవలెను. జ్వరం, అజీర్ణం, జలుబు ఉన్నప్పుడు అభ్యంగం కూడదు.

నడుము పట్టినప్పుడు వావిలాకు వేసి కాచిన నీటితో స్నానం, లేదా బట్టలో మూటకట్టిన ఉప్పు కాపడం ఉపశమనమిస్తాయి. మూట వేడిని ముందుగా మన చేతిపై పరీక్షించవలెను. పాదాలలో స్పర్శ తగ్గిన మధుమేహ రోగులకు కాపడం పెట్టరాదు. కాలినా వారికి తెలియదు.

ఈ సూచనలను ఉపేక్షించరాదు

గుండెజబ్బు, అధిక రక్తపోటు, మధుమేహం గలవారు, చాలా ఏండ్లుగా వ్యాయామం లేనివారు, 40 ఏండ్లు దాటి పొగ త్రాగే అలవాటు గలవారు వైద్య పరీక్ష చేయించుకుని మొదలుపెట్టవలెను. చక్కెర తగ్గించే మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు వ్యాయామంలో వణుకు, చెమట, కళ్ళు తిరగడం కలిగితే వెంటనే ఆపి చక్కెర నోట వేసుకొనవలెను.

శ్రమ చేస్తున్నప్పుడు రొమ్ములో బరువు, బిగింపు, ఎడమ చేతికి గాని దవడకు గాని ప్రాకే నొప్పి, చల్లని చెమటలు కలిగితే దానిని గ్యాసు నొప్పి అని వాము నమిలి ఊరకుండుట ప్రాణాపాయం. వెంటనే కూర్చుని 108కి ఫోన్ చేయించి ఆసుపత్రికి చేరవలెను. ఆ ఘడియలో ఇంటి చిట్కాలకు తావు లేదు.

ఒకే కాలి పిక్క వాచి, వేడిగా ఉండి, నొప్పి పెడుతుంటే, ముఖ్యంగా దీర్ఘప్రయాణం తరువాత, లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చును. అటువంటి కాలికి నూనె మర్దన చేయనే కూడదు. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరగలదు. అదే విధంగా నడుము నొప్పితో పాటు కాలు పట్టు తప్పడం, మలమూత్రాలపై అదుపు తగ్గడం కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళవలెను.

ఒక మండలం పాటు

ఈ నియమాలన్నీ ఒకేనాడు ఆరంభించవలసిన అవసరం లేదు. మొదటి వారం కుర్చీ నుండి లేచే అలవాటు ఒక్కటే చేసుకొనవలెను. రెండవ వారం భోజనానంతరపు నూరడుగులు, ఉదయపు పది నిమిషాల నడక చేర్చవలెను. తక్కినవి క్రమంగా వాటంతటవే వచ్చి చేరుతాయి. దేహం తేలికపడడం, ఆకలి సకాలంలో కలగడం, మలశుద్ధి, గాఢనిద్ర, పనిలో ఓపిక, ఇవి వ్యాయామం సరిపడుతున్నదనడానికి గుర్తులు. మరుసటి ఉదయం లేచేసరికి అలసట తీరకుండా ఉంటే మోతాదు ఎక్కువైనదని తెలుసుకుని తగ్గించవలెను. ఔషధాన్ని ఒక మండలం, అనగా 40 దినాలు సేవించి ఫలితం చూడడం మన సంప్రదాయం. పాఠకులు ఈ ఔషధాన్ని కూడా అట్లే ఒక మండలం సేవించి, నడుమునూ, నిద్రనూ, రక్తంలోని చక్కెర పరీక్షనూ మునుపటితో పోల్చి చూచుకొనవలెను.